విశ్రాంతి కూడా ఆజ్ఞే!

మన క్రైస్తవ కుటుంబాల్లో వారం మొత్తంలో ఎక్కువగా అలసిపోయే రోజు ఏదని అడిగితే చాలామంది ఆదివారమనే చెబుతారు. తెల్లవారకముందే వంటింట్లో లైటు వెలుగుతుంది. పిల్లల స్నానాలు, టిఫిన్లు, ఇస్త్రీ బట్టలు, సండే స్కూలు, ఆరాధన, ఆ తర్వాత చుట్టాలకు భోజనాలు, మధ్యాహ్నం స్త్రీల సమాజం, సాయంత్రం గృహ కూడిక. రాత్రి పడుకునేసరికి ఇల్లాలికి నడుం విరిగినంత పనవుతుంది. అలసినవారిని తన దగ్గరికి పిలిచి విశ్రాంతినిచ్చే ప్రభువును గురించి (మత్తయి 11:28) ఉదయం ప్రసంగం విన్నది ఆమే, సాయంత్రానికి అందరికంటే ఎక్కువగా అలసిపోయిందీ ఆమే!

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో, ఏ ఒక్క సంఘం సంగతో కాదు. ఉద్యోగమని, పిల్లల చదువులని, చివరికి దేవుని పని అని మనమంతా పరుగెత్తుతూనే ఉన్నాం. విశ్రాంతి అనేది సోమరుల మాట అన్న భావం మనలో బాగా పాతుకుపోయింది. కాని బైబిలు విశ్రాంతిని సలహాగా చెప్పలేదు, ఆజ్ఞగా ఇచ్చింది. నరహత్య, దొంగతనం చేయకూడదని చెప్పిన పది ఆజ్ఞల్లోనే అదీ ఉంది.

ఆ పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల కనిపిస్తాయి. విశ్రాంతి దినాన్ని ఎందుకు పాటించాలో చెప్పేటప్పుడు ఆ రెండుచోట్లా కారణాలు వేరువేరుగా ఉన్నాయి. దేవుడు ఆరు దినాల్లో సృష్టిని ముగించి ఏడవ దినాన విశ్రమించాడన్నది నిర్గమకాండం చెప్పే కారణం (20:11). మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్న సంగతి మరిచిపోవద్దన్నది ద్వితీయోపదేశకాండం చెప్పే కారణం (5:15). ఈ రెండో కారణాన్ని మనం అంతగా పట్టించుకోం. ఐగుప్తులో ఇశ్రాయేలీయులకు సెలవన్నదే లేదు. దేవుణ్ణి సేవించడానికి మూడు దినాల ప్రయాణం పోనివ్వమని మోషే అడిగితే, వీళ్లు సోమరులని తిట్టి, ఇటుకల పనికి గడ్డి ఇవ్వడం మాన్పించాడు ఫరో. ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గించలేదు (నిర్గమ 5). అలాంటి దాస్యంలో నుంచి తప్పించిన ప్రజలకు దేవుడు ఇచ్చిన కానుక విశ్రాంతి దినం. పని ఆపడం చేతకానివాడు ఐగుప్తు దాటి వచ్చినా ఫరో పనివాడుగానే మిగిలిపోతాడు.

అరణ్యంలో మన్నా నేర్పిన పాఠం కూడా ఇదే. మామూలు రోజుల్లో మరుసటి రోజుకు దాచుకున్న మన్నా పురుగు పట్టింది. ఆరో రోజున రెండింతలు ఏరుకుని విశ్రాంతి దినం కోసం దాచినది మాత్రం చెడిపోలేదు. ఏడో రోజున కూడా ఏరుకుందామని బయలుదేరినవారికి ఏమీ దొరకలేదు (నిర్గమ 16). 'నేను చెయ్యి ఆపితే నా ఇల్లు ఏమవుతుంది?' అన్న భయానికి దేవుడు ఇచ్చిన జవాబు అది. రేపటి అన్నం ఎవరి చేతిలో ఉందో నమ్మినవాడే ఈరోజు చేతులు కడుక్కుని కూర్చోగలడు. విశ్రాంతిలో అంత విశ్వాసం ఇమిడి ఉంది.

ఏ రోజు పాటించాలన్న వాదంలోకి ఇక్కడ మనం వెళ్లనవసరం లేదు. దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు కొలొస్సయులకు రాశాడు (2:16). మనలో ఎక్కువమంది ప్రభువు తిరిగి లేచిన ఆదివారాన్ని ఆచరిస్తాం. ఆ రోజు మన శరీరానికి, మనసుకు, మనతో ఉన్నవారికి విశ్రాంతి దొరుకుతోందా లేదా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఏలీయా కథ ఈ విషయంలో మనకు మంచి గురువు. కర్మెలు కొండమీద గొప్ప విజయం చూసిన ఆ ప్రవక్త, యెజెబెలు బెదిరింపుకు ప్రాణభయంతో పారిపోయి, అరణ్యంలో ఒక చెట్టుకింద కూలబడి ఇక చావే మేలనుకున్నాడు (1 రాజులు 19). దేవుడు ఆయనను గద్దించలేదు, ప్రసంగమూ చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, మళ్లీ లేపి పెట్టాడు. ఆ తర్వాతే హోరేబు ప్రయాణం. అక్కడ పెనుగాలి, భూకంపం, అగ్ని వచ్చి వెళ్లాక మెల్లని స్వరం వినిపించింది. ఇక్కడ నీకేం పని అని దేవుడు ఆయనను రెండుసార్లు అడిగాడు. కృంగిన విశ్వాసికి కొన్నిసార్లు మొదట కావలసింది కంటినిండా నిద్ర, కడుపునిండా అన్నం. ఆ తర్వాత కావలసింది దేవుడు అడిగే ప్రశ్న వినపడేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం మన ఆరాధనల్లో ఎంత ఉంది? పాట అయిపోగానే ప్రార్థన, ప్రార్థన అయిపోగానే ప్రకటనలు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వెనకాల కీబోర్డు మోగుతూనే ఉంటుంది. మనం దేవునితో మాట్లాడడమే గాని ఆయనకు మాట్లాడే వంతు ఇవ్వడం తక్కువ. మౌనంగా కూర్చుంటే మనసులో అణచిపెట్టిన భయాలు, కోపాలు పైకి వస్తాయి గనుక మనకు మౌనమంటే బెరుకు. కాని వైద్యం జరగవలసింది కూడా అక్కడే.

మన మైకుల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. చెన్నైలో ఒక సంఘం మైకులు, వాద్యాల చప్పుడు మీద ఇరుగుపొరుగువారు కోర్టుకెక్కిన కేసులో, ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగిస్తూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను పరిమితిగా పెట్టాయి. చట్టం సంగతి అలా ఉంచినా, గోడ అవతల నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న నర్సు, పరీక్షకు చదువుకుంటున్న పిల్లవాడు మన పొరుగువారే. వారి నిద్ర కూడా దేవుని కానుకే.

యేసుప్రభువు ఈ విషయంలో ఎలా నడుచుకున్నాడో చూడండి. కపెర్నహూములో సాయంకాలం పొద్దుపోయేదాకా రోగులను బాగుచేసినవాడు, ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు (మార్కు 1:35). అందరూ నిన్ను వెదకుతున్నారని సీమోను వచ్చి చెప్పినా, ఆయన జనం ఒత్తిడికి లొంగకుండా తండ్రి అప్పగించిన పనిమీద ఇతర గ్రామాలకు బయలుదేరాడు. మరోసారి, తినడానికి కూడా తీరికలేని శిష్యులను విశ్రాంతికోసం పక్కకు తీసుకువెళ్తే జనం వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారు (మార్కు 6). ప్రభువు విసుక్కోలేదు. వారికి బోధించాడు, భోజనం పెట్టాడు. అయితే ఆ తర్వాత శిష్యులను దోనెలో పంపి, జనసమూహాన్ని సాగనంపి, తాను ఒంటరిగా కొండెక్కాడు. ఏకాంతానికి ఆటంకం వచ్చింది, ఆలస్యమైంది. అంతమాత్రాన ఆయన దాన్ని వదులుకోలేదు.

మన బతుకులు కూడా ఆటంకాలతో నిండినవే. ఆటో నడుపుకునే సహోదరునికి, బట్టల దుకాణంలో రోజంతా నిలబడే ఆడపిల్లకు కొండలూ ఏకాంత స్థలాలూ ఎక్కడ దొరుకుతాయి? 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో వంటపని చేసిన సహోదరుడు లారెన్స్ గిన్నెల చప్పుడు మధ్యనే దేవుని సన్నిధిలో ఉండడం అభ్యాసం చేశాడు. ప్రార్థన గంటకూ పనిగంటకూ ఆయనకు తేడా ఉండేది కాదు. స్టాండులో ఆటో ఆపి పదినిమిషాలు కళ్లు మూసుకోవడం, బస్సులో ఫోను సంచిలో పెట్టి ఒక కీర్తనను మనసులో నెమరువేసుకోవడం చిన్న సంగతులు కావు.

కాని ఇంతటితో ఆగిపోతే ఆజ్ఞలో సగమే చెప్పినట్టవుతుంది. ఆ ఆజ్ఞ ఇంటి యజమానితో మాట్లాడుతుంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు, గాడిద కూడా విశ్రమించాలంటుంది. రోజుకూలీని విశ్రాంతి తీసుకోమనడం తేలిక. అతనికి ఆ వెసులుబాటు ఇవ్వవలసింది పని చేయించుకునేవారు. మన దేశంలో ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. జ్యోతిరావు ఫూలే సహచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి బొంబాయి మిల్లు కార్మికుల పక్షాన పోరాడితే 1890లో ఆ వారాంతపు సెలవు దక్కింది. క్రైస్తవుడు కాని ఆయన సాధించిన దాన్ని, విశ్రాంతి దినం గురించి బోధించే మనం మన ఇంటి పనిమనిషికి ఇస్తున్నామా?

ఇంట్లోని ఇల్లాలి మాట కూడా అంతే. మార్త, మరియల సంగతి (లూకా 10) మనం స్త్రీలకు బోధిస్తాం. వాక్యం విని ఇంటికి వచ్చాక మాత్రం రెండు కూరలు, వేపుడు లేనిదే అన్నం ముట్టం! మరియలాగా ప్రభువు పాదాల దగ్గర కూర్చోమని ఆమెకు చెప్పే ముందు మార్త చేతిలోని గరిటెను మనం అందుకోవాలి. ఆదివారం పప్పు, పచ్చడితో సరిపెట్టుకుంటే చుట్టాలు ఏమీ అనుకోరు. గిన్నెలు మగవారు, పిల్లలు కడగవచ్చు. సంఘ కాపరులమైన మేము, పెద్దలు కలిసి ఆదివారపు కూడికల్లో ఒకటి తగ్గిస్తే నష్టమేమీ లేదు. ప్రసంగం ముగిశాక కీబోర్డు కూడా ఆపి రెండు నిమిషాలు మౌనంగా కూర్చోవచ్చు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో దినం అస్తమయంతో మొదలవుతుంది. ముందు సాయంకాలం, తర్వాత ఉదయం. అంటే మనిషి దినం నిద్రతో ఆరంభమవుతుంది. మనం కళ్లు తెరిచేసరికే దేవుడు పని మొదలుపెట్టి ఉంటాడు, మనం వెళ్లి అందులో చేరతాం. ఈ రాత్రి దీపం ఆర్పేటప్పుడు మిగిలిపోయిన పనులన్నీ ఆయనకు అప్పగించి పడుకుందాం. ఇశ్రాయేలును కాపాడేవాడు కునకడని 121వ కీర్తన చెబుతోంది గదా!