డాన్ ఫాక్స్ అంటే ఆ ఒక్క కిక్కేనా?

1968 మే 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో రగ్బీ లీగ్ చాలెంజ్ కప్ ఫైనల్ జరిగింది. భారీ వర్షం పడి గ్రౌండంతా నీళ్లు. ఆఖరి నిమిషంలో లీడ్స్ 11, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ 10. వేక్‌ఫీల్డ్ ఆటగాడు డాన్ ఫాక్స్ సరిగ్గా గోల్ పోస్టుల ముందు బంతి పెట్టి తన్నాడు. లోపలికి వెళ్తే రెండు పాయింట్లు, కప్పు వాళ్లదే. బంతి పక్కకు పోయింది. ఆయన అక్కడే కూలబడిపోయాడు.

ఆ వీడియో నెట్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఫాక్స్ పేరు చెప్తే చాలామందికి అదొక్కటే గుర్తొస్తుంది. ఇది అన్యాయం అంటాను నేను.

ఇంజనీరింగ్ వాళ్లం కదా, లెక్కే చూద్దాం. అప్పట్లో ట్రైకి, అంటే అవతలి గోల్ లైన్ దాటి బంతిని నేలకు ఆనిస్తే, మూడు పాయింట్లు. వేక్‌ఫీల్డ్ రెండు ట్రైలకు ఆరు. మిగతా నాలుగూ ఫాక్స్ కిక్కులవే. అవి లేకపోతే ఆఖరి కిక్‌కి విలువే ఉండేది కాదు. పైగా ఆ టీమ్ అసలు గోల్ కిక్కర్ ఆయన కాదు, తమ్ముడు నీల్ ఫాక్స్. రగ్బీ లీగ్‌లో అత్యధిక పాయింట్లు చేసిన మనిషి. గాయంతో నీల్ ఆడలేకపోతే ఆ బరువు అన్న మీద పడింది.

ఇంకో విషయం. ఆ రోజు బెస్ట్ ప్లేయర్‌కిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ ఫాక్స్‌కే వచ్చింది. జర్నలిస్టుల ఓటింగ్ ఆ కిక్‌కి ముందే అయిపోయింది మరి! ఐదు నిమిషాలు ఆగి ఓటేసి ఉంటే ఇచ్చేవాళ్లా? అంతసేపూ ఆయన ఆడిన ఆట మాత్రం మారలేదు కదా.

ఫాక్స్‌ది యార్క్‌షైర్‌లో షార్ల్‌స్టన్ అనే బొగ్గుగనుల ఊరు. 1953 నుంచి 1965 దాకా ఫెదర్‌స్టోన్ రోవర్స్‌కి ఆడి 162 ట్రైలు చేశాడు. అది ఆ క్లబ్ రికార్డు. 1963లో గ్రేట్ బ్రిటన్ తరఫునా ఆడాడు. వేక్‌ఫీల్డ్ ఆ 1968లోనే లీగ్ చాంపియన్ కూడా. ఇదంతా క్లిప్‌లో ఉండదు. కెమెరాకి చిక్కినదే చరిత్ర అయిపోయింది.

"ప్రొఫెషనల్ అన్నాక ఆ కిక్ కొట్టాల్సిందే" అనేవాళ్లుంటారు. నిజమే, మిస్సయింది మిస్సే, కప్పు పోయింది. దాన్నెవరూ కాదనరు. కానీ కిక్‌కి వేసే మార్కులు వేరు, మనిషికి వేసే మార్కులు వేరు.

ప్లేస్‌మెంట్ సీజన్‌లో మనం చేసేదీ ఇదే. లాస్ట్ రౌండ్‌లో ఒక్క ప్రశ్నకు తడబడితే "వాడికి ఏమీ రాదురా" అనేస్తాం. నాలుగేళ్ల ల్యాబులూ ప్రాజెక్టులూ ఎవరికీ గుర్తుండవు. ఉద్యోగం ఇవ్వాలో వద్దో కంపెనీ ఇష్టం. వాడెవడో తేల్చే హక్కు మాత్రం ఆ ఒక్క నిమిషానికి లేదు.