బండి ఎవరి పేరున ఉంది?

విశాఖపట్నంలోని మా క్వార్టర్ల వెనక ఉన్న షెడ్డులోకి వెళ్తే నంబరు ప్లేట్ల మీదే దేశపటం చదువుకోవచ్చు. ఏపీ, టీజీ, ఓడీ, డబ్ల్యూబీ, ఎంహెచ్, ఏఎస్ అన్నీ వరసగా ఉంటాయి. బదిలీ ఉత్తర్వులు వచ్చే రోజుల్లో వీటిలో నాలుగైదు అమ్మకానికి వస్తాయి. ఫ్రిజ్, కూలర్, మంచం, బండి అన్నీ ఒకే కాగితం మీద రాసి మెట్ల దగ్గర గోడకు అంటిస్తారు. ఈసారి ఆ కాగితంలో ఒక 125 సీసీ మోటారుసైకిలు ఉంది. ధర 38,000 రూపాయలు. మేము నలుగురం పన్నెండో తరగతి వాళ్ళం. మాలో ఒకడికి పోయిన నెలలోనే 18 నిండాయి. అందుకని ఆ కాగితాన్ని పరీక్షల టైంటేబుల్ కంటే శ్రద్ధగా చదివాం.

మొదట మేము మాట్లాడుకున్నదీ అందరూ మాట్లాడుకునేదే. మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, రంగు మార్పించొచ్చా అని. తర్వాత మాలో ఒకరి నాన్నగారు చెప్పిన సంగతి విన్నాక ఆ మాటలన్నీ ఆగిపోయాయి.

ఆయన పాత ఊళ్ళో స్కూటరు అమ్మేసి వచ్చారు. కొన్నవాడు తెలిసినవాడే, డబ్బు చేతికిచ్చాడు, పేరు మార్పించుకుంటానన్నాడు. మార్పించుకోలేదు. ఇన్సూరెన్సూ కట్టలేదు. రెండు బదిలీల తర్వాత ఆ స్కూటరు ఒక సైకిలాయనను గుద్దింది. నోటీసు మాత్రం ఈయనకు వచ్చింది. స్కూటరు ముఖం చూసి ఐదేళ్ళయిన మనిషి సెలవులు పెట్టి వాయిదాలకు తిరిగారు. చట్టం చూపు అలాగే ఉంటుంది. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగానే చెప్పింది. దెబ్బ తగిలిన మనిషి బండి చేతులు మారిన కథంతా తవ్వుకుంటూ తిరగలేడు కదా.

అందుకే మా అభిప్రాయం ఇది. రెండు మూడేళ్ళకోసారి సామాన్లు కట్టే మన ఇళ్ళలో మొదటి బండి కొనేటప్పుడు ముందు ఆర్‌సీ చూడాలి, తర్వాతే ఇంజను. అమ్మేవారు 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేసి, అవి ఆర్టీఓ ఆఫీసుకు చేరేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. పెద్దవాళ్ళ దగ్గర ఇలా పట్టుబట్టడం మర్యాద కాదని కొందరన్నారు. అంకుల్‌ని అనుమానించినట్టుంటుందట! పేరు మారకపోతే రేపు నోటీసు వెళ్ళేది ఆ అంకుల్ ఇంటికే. ఆయన మేలు కోరే అడుగుతున్నాం.

బీమాలోనూ ఒక మెలిక ఉంది. బండి చేతులు మారినప్పుడు ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమా బండితోపాటే వస్తుంది. సొంత బండికి జరిగే నష్టం మీద ఉన్న బీమా మాత్రం తనంతట తాను రాదు. కొన్నవాళ్ళు 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టి తమ పేరు చేర్పించుకోవాలి. ‘ఇన్సూరెన్స్ వచ్చే మార్చి దాకా ఉంది’ అని అమ్మేవారు చెప్పే మాట సగమే నిజం.

కొత్త బండి కొనగలిగిన ఇళ్ళకు ఒక సదుపాయం ఉంది. 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ సిరీస్ నంబరు ఇస్తున్నారు. మామూలు నంబరుతో వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే ఎన్‌వోసీ తెచ్చుకుని, పన్ను కట్టి, మళ్ళీ రిజిస్టరు చేయించాలి. బీహెచ్ నంబరుకు ఆ బాధ లేదు, పన్ను రెండేళ్ళకోసారి కట్టుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, సైనికులకు అది దొరుకుతుంది. అయితే అది ఉద్యోగి పేరున ఉంటుంది, అంటే అమ్మదో నాన్నదో. అక్కడే జాగ్రత్త పడాలి. పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా లైసెన్సు ఉన్న యజమానికే. నాన్న పేరున ఉన్న బండిని కొడుకు నడుపుతూ పడితే అది కొడుక్కి వర్తించదు. వేరొకరి పేరు కూడా చేర్చడానికి ఎంత అవుతుందో పాలసీ తీసుకునే రోజే అడగాలి. మా నలుగురి ఇళ్ళలోనూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఇక బండి సంగతి. మొదటిది 100, 125 సీసీల్లోనే ఉండాలంటాం. స్ప్లెండర్ లాంటి బండికి అస్సాంలోనూ అనంతపురంలోనూ మెకానిక్ దొరుకుతాడు. దాదాపు రెండు క్వింటాళ్ళ బరువుండే 350 సీసీ బండి ఇసుక మీద జారితే దాన్ని లేపడానికే ఇద్దరు కావాలి. 2022 రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా థర్డ్ పార్టీ బీమా ఏడాదికి 714 రూపాయలు, ఆపైన 350 దాకా 1,366. పన్ను అదనం. పాత బండి అయితే 2019 ఏప్రిల్ తర్వాత తయారైనదా అని చూడాలి. కొత్త బండ్లన్నిటికీ 125 సీసీ దాకా సీబీఎస్, ఆపైన ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయింది అప్పటినుంచే.

వయసు గురించి మాట్లాడకపోతే మేము అబద్ధం ఆడినట్టే. 18 నిండకుండానే బండి తెచ్చి, బడి గేటు ముందు కాకుండా టీకొట్టు పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు. మాలోనూ ఒకరు అలా తెచ్చారు. కోచింగు ఏడు కిలోమీటర్ల దూరం, రాత్రి తొమ్మిదికి బస్సు ఉండదు, నాన్న డ్యూటీలో ఉంటారు. ఆ ఇబ్బంది నిజమే. పదహారుకే లైసెన్సు ఇస్తారు కదా అంటారు. ఇస్తారు, గేర్లు లేని 50 సీసీ లోపు బండికి. ఎక్సెల్ మోపెడ్ కూడా ఇప్పుడు దాదాపు వంద సీసీ. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రికో యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు, నడిపిన పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. బీమా కంపెనీ దెబ్బ తగిలినవారికి డబ్బిచ్చినా దాన్ని తిరిగి మన ఇంటి నుంచే వసూలు చేసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగం చేసే నాన్నకు జైలు అన్న మాట ఏమిటో మనకు ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు. ఏడు కిలోమీటర్లకు నలుగురం కలిసి ఆటో మాట్లాడుకున్నాం. నెలకు తలా ఇంత అని వేసుకుంటున్నాం, అందులో ఒకడు ఎప్పుడూ బాకీయే.

చివరికి ఆ 125 సీసీ బండి ఆర్‌సీ అడిగి చూశాం. నంబరు ఒడిశాది. ఇక్కడికొచ్చి రెండేళ్ళు దాటింది, ఎన్‌వోసీ తేలేదు. పేరేమో అంకుల్‌ది కూడా కాదు, ఆయనకు భువనేశ్వర్‌లో అమ్మినాయనది. అంకుల్ ముందు నవ్వారు, తర్వాత కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే భువనేశ్వర్‌కు ఫోను చేశారని ఆంటీ చెప్పారు. మెట్ల దగ్గర కాగితంలో ఇప్పుడు ఫ్రిజ్, కూలర్, మంచం ఉన్నాయి. బండి మీద పెన్నుతో గీత కొట్టి ఉంది.