చీము ఆరేదాకా బాధ్యత ఎవరిది?

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలోని మారుమూల ఆదివాసీ పల్లెల్లో పిల్లల చెవి వైద్యానికి మొదటి పనిముట్టు టాయిలెట్ పేపర్. దాన్ని సన్నగా పేని, చెవిలో పెట్టి కాసేపాగి తీస్తే చీముతో తడిసి వస్తుంది. కాగితం పొడిగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే పని. ఆ తర్వాతే సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు. చీము నిండిన చెవిలో మందు వేసినా లోపలికి దిగదు. రోజూ, వారాల తరబడి, తల్లో అమ్మమ్మో ఓపికగా చేయాల్సిన పని ఇది. నర్సు నేర్పుతుంది, వెళ్లిపోతుంది. ఆ చెవి ఆరిందో లేదో తర్వాత ఎవరు చూస్తారన్నదే ప్రశ్న. దశాబ్దాలుగా సంఘాలు వేసి, నివేదికలు రాసి, నిధులు ఇచ్చిన ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ ఒక్క ప్రశ్నకూ సరైన జవాబు చెప్పలేకపోతోంది.

జబ్బు చిన్నది కాదు. ఉత్తర, మధ్య ఆస్ట్రేలియాలోని మారుమూల పల్లెల్లో 2001లో 6 నుంచి 30 నెలల వయసు పిల్లల్ని పరీక్షిస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి మధ్యచెవిలో ఏదో ఒక జబ్బు ఉంది. చెవిపొరకు చిల్లుపడి చీము కారుతూనే ఉన్నవాళ్లు దాదాపు 15 శాతం. ఇలాంటి పిల్లలు 4 శాతం దాటితేనే ప్రజారోగ్యం ప్రమాదంలో పడినట్టని, తక్షణం కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆదివాసీ పిల్లలకు న్యుమోకాకల్ టీకా ఇవ్వడం కూడా 2001లోనే మొదలైంది. చీము కారే చెవులు కొంత తగ్గాయి. పొర వెనక నీరు చేరి వినికిడి మందగించిన పిల్లలు మాత్రం అలాగే ఉన్నారు.

కారణాలు అందరికీ తెలిసినవే. ఒకే ఇంట్లో కిక్కిరిసి బతకడం, ముఖం కడుక్కోవడానికి సరైన కుళాయి లేకపోవడం, పొగ. పుట్టిన కొద్ది వారాలకే బ్యాక్టీరియా పసిబిడ్డ ముక్కులో తిష్ఠ వేస్తుంది. అక్కడి నుంచి చెవికి ఎంతో దూరం లేదు. అయితే విధానం రాసేవాళ్లు తేలిగ్గా వదిలేసే విషయం మరొకటుంది. ఈ పిల్లల్లో చాలామందికి చెవిపోటు రాదు, జ్వరం రాదు. బిడ్డ ఏడవదు కాబట్టి తల్లి తీసుకురాదు. వేరే జబ్బుకు తీసుకొచ్చినా దగ్గుకో విరేచనాలకో మందు రాసి పంపుతారు, చెవి చూడరు. పుట్టగానే చేసే వినికిడి పరీక్షలో పాసైన బిడ్డకు ఆ తర్వాత చెవి పాడవుతుంది. బళ్లో చేరాక పట్టుకునేసరికి, మాట నేర్చుకునే కాలం కాస్తా గడిచిపోయి ఉంటుంది. ఇంట్లో వార్ల్‌పిరి, క్రియోల్ లాంటి భాష, బళ్లో ఇంగ్లిష్, అదీ సగమే వినిపించే ఇంగ్లిష్. ఆ పిల్లవాడు వెనకబెంచీకి చేరడంలో వింతేముంది? డార్విన్, ఆలిస్ స్ప్రింగ్స్ జైళ్లలో పరీక్షలు చేసినప్పుడు ఆదివాసీ ఖైదీల్లో 90 శాతానికి పైగా వినికిడి లోపం బయటపడింది. పోలీసు ప్రశ్నకు మౌనంగా నిలబడ్డవాణ్ణి పొగరుబోతు అనుకోవడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు.

2007లో నార్తర్న్ టెరిటరీలో ‘అత్యవసర చర్య’ పేరిట కేంద్రం సైన్యాన్ని, వైద్య బృందాల్ని దించింది. పిల్లలందరికీ పరీక్షలన్నారు. చెవులు చూశారు, రాసుకున్నారు. దొరికిన జబ్బుకు వైద్యం ఎక్కడన్నది ఆ తర్వాత వెతుక్కున్నారు. 2010లో సెనేట్ కమిటీ నివేదిక పేరు ‘హియర్ అస్’. ఏడేళ్ల తర్వాత ప్రతినిధుల సభ కమిటీ నివేదిక పేరు ‘స్టిల్ వెయిటింగ్ టు బి హర్డ్’. ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు. 2019లో హియరింగ్ ఆస్ట్రేలియా సంస్థ ఇంకా బడిలో చేరని పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. మంచి అడుగు, కాదనను. కానీ పరీక్ష తర్వాత ఏమవుతోంది? చెవిపొరలో గ్రామెట్ అనే చిన్న గొట్టం వేయించడానికి వందల కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి పోవాలి. వెంట తల్లి రావాలి, మిగతా పిల్లల్ని ఎవరో చూడాలి. కుదరకపోతే రికార్డులో ‘హాజరు కాలేదు’ అని పడుతుంది. తప్పు తల్లి ఖాతాలోకి పోతుంది. డబ్బులో ఎక్కువ భాగం కాన్‌బెరాలోని కేంద్రానిది, ఆస్పత్రీ బడీ టెరిటరీ ప్రభుత్వానివి, ఇళ్ల సంగతి వేరే శాఖది. విమానంలో వచ్చిపోయే బృందం మాత్రం ఎన్ని చెవులు చూసిందో లెక్క చెబుతుంది. ఆ లెక్కకే నిధులొస్తాయి.

ఈ లెక్కనే మార్చాలని నా వాదన. ఎన్ని చెవులు చూశారని కాదు, ఏడాది తర్వాత ఎన్ని ఆరాయని అడిగి డబ్బివ్వాలి. టీకాకు వచ్చిన ప్రతి బిడ్డకూ, ఫిర్యాదు ఉన్నా లేకున్నా, ఓటోస్కోప్‌తో చెవి చూడటం తప్పనిసరి కావాలి. చూసే మనిషి ఆ ఊరివాళ్లే, ఆ భాష మాట్లాడేవాళ్లే, పర్మనెంట్ జీతం ఉన్నవాళ్లే కావాలి. సర్జన్లు ఊరూరా దొరకరన్నది నిజమే, వాళ్లు విమానంలోనే రావాలి. వాళ్ల రెండు రాకల మధ్య నెలల్లో చెవి తుడిచేది మాత్రం సర్జన్ కాదు. 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో ఆదివాసులు సొంతంగా వైద్య కేంద్రం పెట్టుకున్నప్పటి నుంచీ ఇలాంటి సంస్థలు దేశమంతా పనిచేస్తున్నాయి. వాటిని బలపరుస్తామని, నిర్ణయాల్లో ఆదివాసులకు భాగమిస్తామని 2020 ‘క్లోజింగ్ ద గ్యాప్’ ఒప్పందంలో ప్రభుత్వాలు సంతకం చేశాయి. అదే ఒప్పందం లక్ష్యాల జాబితాలో వినికిడికి విడిగా చోటు లేదు. ఇక తరగతి గదుల్లో టీచరు గొంతును గదంతా సమంగా వినిపించే స్పీకర్లు పెట్టడానికి ఏ పిల్లవాడి పరీక్ష ఫలితం కోసమూ ఆగనక్కర్లేదు.

మన ఏజెన్సీకి ఇది దూరపు కథ కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జబ్బుల జాబితాలో మధ్యచెవి వ్యాధి, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. అంగన్‌వాడీలో ఏడాదికి 2 సార్లు, బళ్లో ఒకసారి పరీక్ష చేయాలి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా కేంద్రానికి పంపాలి. పాడేరు కొండమీది గూడెం నుంచి అలాంటి పిల్లవాడు కిందికి దిగి, మందు తీసుకుని, మళ్లీ చూపించుకునేదాకా వెంట ఉండేదెవరు?  ఆశ్రమ పాఠశాలలో పిల్లలు నెలల తరబడి ఒకే కప్పు కింద ఉంటారు కదా. అక్కడి ఏఎన్‌ఎంకు ఒక ఓటోస్కోప్, చుక్కల మందు, చెవి తుడిచే శిక్షణ, ఆరిన చెవికీ ఆరని చెవికీ వేర్వేరు గడులున్న ఒక రిజిస్టరు ఇచ్చి ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు.