చివరి ఏడాది ప్రాజెక్టు తాడిపత్రిలో చేయండి

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలకు ఒక మాట చెప్పాలి. వాళ్ల గురువులకు అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ప్రాజెక్టు కోసం హైదరాబాద్ అమీర్‌పేటకు పోకండి. తాడిపత్రి బస్సెక్కండి, లేదా ధర్మవరం రైలెక్కండి. నాలుగేళ్లుగా మీరు పరీక్షల కోసం బట్టీపట్టిన పాఠాలన్నీ అక్కడ బండల ఫ్యాక్టరీ తొట్టెల్లో, అద్దకం కాగుల్లో రోజూ జరుగుతున్నాయి. కొలిచేవాళ్లు లేక నీళ్లు, రంగు, కట్టెలు కాలవపాలవుతున్నాయి.

అనంతపురం గడ్డ మీద ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు ఇంతదూరం వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు పంపు తర్వాత పంపు ఎక్కి మన దాకా వస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైంది కానీ కరువు ఇంకా ఉమ్మడిగానే ఉంది. అంత ఎత్తుకు తోడి తెచ్చుకున్న నీటినీ, వందల అడుగుల బోరులోంచి లాగిన నీటినీ ఒక్కసారి వాడి వంకలోకి వదిలేయడం వేరే జిల్లాలో తప్పయితే ఇక్కడ ఘోరం.

ముందు తాడిపత్రి సంగతి. అక్కడి నల్లబండలు దేశమంతటా ఇళ్లలో పరిచారు. సున్నపురాయి జాతి బండ అది. గని నుంచి వచ్చిన పలకను కటింగ్ మిషన్ మీద చదరం చేసి, పాలిష్ మిషన్ కింద పెట్టి నున్నగా రుద్దుతారు. రుద్దుతున్నంతసేపూ నీళ్లు పారుతూనే ఉండాలి. రాయి వేడెక్కకుండా చూసేది ఆ నీళ్లే, అరిగిన పొడిని కడిగేసేదీ ఆ నీళ్లే. పొడితో చిక్కబడిన నీటిని తొట్టెల్లో నిలబెడతారు. పొడి అడుగుకు దిగితే పైనీళ్లు మళ్లీ మిషన్‌కు పంపొచ్చు. పద్ధతి అందరికీ తెలిసిందే. చిక్కంతా మిక్కిలి సన్నటి పొడితో వస్తుంది. అది గంటల తరబడి దిగదు. తొట్టె చిన్నదైతే పొడి కలిసిన నీళ్లే మళ్లీ మిషన్‌కు వెళ్లి పాలిష్ చెడగొడతాయి. దాంతో యజమాని విసిగి కొత్త నీళ్లు పెడతాడు. తొట్టె ఎంత లోతు, ఎంత పొడవు ఉండాలి, పటిక ఎంత మోతాదులో వేస్తే పొడి ముద్దకట్టి త్వరగా కిందికి దిగుతుంది అన్నవి తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక పొడవాటి గాజు గొట్టం, గడియారం, త్రాసు, నలుగురు ఓపికున్న విద్యార్థులు చాలు.

తొట్టెలోంచి ఎత్తిన బురద సంగతి అంతకంటే పెద్దది. ట్రాక్టర్లలో తెచ్చి రోడ్ల పక్కన, వంకల గట్ల మీద పోస్తారు. తడిగా ఉన్నప్పుడు జారుతుంది. ఎండితే మన ఆషాఢపు గాలికి లేచి చేల మీదా, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. వానకు కొట్టుకుపోయి వంకలోనో చెరువులోనో చేరితే ఆ సన్నటి పొడి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. నీళ్లు ఇంకవు. వాన పడిందే తక్కువ, పడినది కూడా ఇంకకపోతే బోరులోకి నీళ్లెక్కడివి? రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో పాలరాతి బురదను ఏళ్ల తరబడి ఒకేచోట పోస్తే తెల్లటి మైదానం తయారైంది. జనం ఇప్పుడు అక్కడికి ఫొటోల కోసం పోతున్నారు. మనకు అలాంటి మైదానం వద్దు.

మన తాడిపత్రి బురదలో ఎక్కువ భాగం సున్నపురాయి పొడే. సిమెంటుకు మొదటి ముడిసరుకు సున్నపురాయి. తాడిపత్రికి దగ్గర్లోనే, భోగసముద్రం వైపు, సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. ఒకరు పారబోస్తున్న వస్తువు కోసం ఇంకొకరు కొండ తవ్వుతున్నారు. మరి ఎందుకు కలపడంలేదు అంటే కారణాలున్నాయి. బురదలో నీళ్లెక్కువ, నీళ్లను లారీలో మోస్తే కిరాయి గిట్టదు. సిమెంటులో మెగ్నీషియా 6 శాతం మించకూడదని ప్రమాణం ఉంది కాబట్టి ఏ ఫ్యాక్టరీ పొడిలో అది ఎంతుందో తెలియకుండా ఎవరూ తీసుకోరు. పాలిష్ రాళ్ల ముక్కలు కూడా అందులో కలుస్తాయి. నెలకు ఎంత బురద వస్తుంది, ఎన్ని రోజులు ఆరబెడితే తడి ఎంతకు తగ్గుతుంది, ఎన్ని కిలోమీటర్ల వరకు కిరాయి గిడుతుంది? ఈ లెక్కలు ఒక ఫ్యాక్టరీ యజమాని ఒంటరిగా వేయలేడు. సిమెంటు కంపెనీకి వేయాల్సిన అవసరం లేదు. విశ్వవిద్యాలయం వేయగలదు, ఎందుకంటే దానికి ఇద్దరితోనూ లాభనష్టాల పేచీ లేదు.

ధర్మవరానికి వద్దాం. పట్టుచీర అందాన్ని పొగడని పెళ్లి లేదు. ఆ చీర రంగు ఎక్కడ తయారవుతుందో చూసినవాళ్లు తక్కువ. పచ్చి పట్టునూలు బరువులో ఇరవై నుంచి ముప్పై శాతం దాకా జిగురే. సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడికిస్తే ఆ జిగురు ఊడి, నూలుకు మెత్తదనం, మెరుపు వస్తాయి. ఊడిన జిగురంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. కాలవలో నిలిస్తే నీటిలోని ప్రాణవాయువును తినేసి కుళ్లు వాసన కొడుతుంది. తర్వాత రంగుకాగు. కింద కట్టెల మంట, పైన మూతలేని కాగు, చిలపలను కర్రకు వేసి ముంచి తిప్పే మనిషి. రంగు మోతాదు చాలాచోట్ల కంటి అంచనా, చేతి అనుభవం. ఆ అనుభవాన్ని నేను తక్కువ చేయను. ఏ యంత్రమూ పట్టలేని ఛాయను పట్టే కళ్లు అవి. అయితే కాగులోని రంగు నూలుకు పట్టేదెంత, నీళ్లలో మిగిలేదెంత అన్నది కంటికి తెలియదు. పట్టుకు వేసే రంగులు చాలామటుకు పులుపు నీళ్లలో బాగా పడతాయి. ఆమ్లం కొంచెం తక్కువైనా, వేడి కొంచెం ముందే దిగినా రంగు నీళ్లలోనే ఉండిపోయి కాలవకు పోతుంది. కొన్న రంగు డబ్బు, ఊరి కాలవ రెండూ ఒకేసారి పాడవుతాయి.

ఆమ్లం ఎంతుందో చూపే కాగితం, వేడిని చూపే థర్మామీటర్, నీళ్లు కొలిచే బకెట్ పట్టుకుని ఒక విద్యార్థి రెండు వారాలు ఆ కాగు పక్కన నిలబడితే ఏం తేలుతుందో చెప్పడం కష్టం కాదు. చివరిసారి జాడించిన నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి, వాటిని తర్వాతి విడత నూలుకు మొదటి జాడింపులో వాడొచ్చు. లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత పెట్టుకుంటే కాగు కడిగే నీళ్లు కలిసొస్తాయి. కాగు మీద మూత, పొయ్యి చుట్టూ మట్టి గోడ ఉంటే కట్టెలు మిగులుతాయి. ఇవేవీ కొత్త కనిపెట్టుడు కాదు. జాతీయ ఉత్పాదకతా మండలి 1993లో ఐక్యరాజ్య సమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థతో కలిసి మన దేశంలోని చిన్న అద్దకం యూనిట్లలో, కాగితం మిల్లుల్లో, పురుగుమందుల కలబోత కేంద్రాల్లో ఈ దారిలోనే పనిచేసింది. చివర్లో శుద్ధి చేసేదాని కంటే మొదట్లోనే వృథాను ఆపడం చవక అన్నది ఆ పని సారం. కానీ అలాంటి పథకాలు కొన్ని ఊళ్లకు వస్తాయి, గడువు తీరగానే వెళ్లిపోతాయి. కాలేజీ ఎక్కడికీ పోదు. ఏటా కొత్త విద్యార్థులు వస్తూనే ఉంటారు.

అమెరికాలో కాలేజీల ద్వారా ఈ పనిని 1976 నుంచి ఒక వ్యవస్థగా నడుపుతూ వచ్చారు. అక్కడి ప్రభుత్వ ఇంధన శాఖ డబ్బిచ్చేది, విశ్వవిద్యాలయాలు నడిపేవి. ఆచార్యుడి వెంట విద్యార్థులు చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీకి వెళ్లి ఒక రోజంతా కొలిచేవారు, రెండు నెలల్లో నివేదిక ఇచ్చేవారు. యజమాని పైసా కట్టే పని ఉండేది కాదు. నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం: కొన్ని నెలలకు మళ్లీ అడిగేవారు, మేం చెప్పినవాటిలో ఏవి చేశారు, ఏవి చేయలేదు, ఎందుకు చేయలేదు అని. మన ప్రాజెక్టు నివేదికకు ఈ ప్రశ్న ఎదురైందే లేదు. వైవా అయిన మర్నాడే అది బీరువాలోకి పోతుంది.

మనకు నియమాలు అడ్డమని కూడా అనలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తెచ్చారు. అందులో మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసమే. సమయం కాగితం మీద ఉంది, క్రెడిట్లు ఉన్నాయి. చాలాచోట్ల ఆ నెలలు ఆన్‌లైన్ సర్టిఫికెట్లతో, కొనుక్కున్న నివేదికలతో గడిచిపోతున్నాయి. తప్పు పిల్లలదే అనడానికి నాకు నోరు రాదు. పెద్ద కంపెనీలో సీటు దొరకదు, చిన్న ఫ్యాక్టరీవాడు గేటు తీయడు, కాలేజీ తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. తెల్లారితే సబ్మిషన్. పల్లెల నుంచి వచ్చిన పిల్లవాడు ఏం చేస్తాడు?

ఆ గేటు ఎందుకు తెరుచుకోదో ఒప్పుకుని మాట్లాడాలి. చేతిలో కాగితం పట్టుకుని కొలిచేవాడు కనబడితే యజమానికి గుర్తొచ్చేది కాలుష్య నియంత్రణ మండలి నోటీసు. 1974 నాటి నీటి చట్టం కింద అనుమతుల గొడవ ఆయనకు ఎలాగూ ఉంది. విద్యార్థి కొలతలు అధికారి బల్లమీదకు పోతాయని అనుమానం వస్తే ఆ ఊళ్లో ఇంకే ఫ్యాక్టరీ తలుపూ తీయదు. కాబట్టి విద్యార్థులు రాసిన అంకెలు యజమానికీ, విభాగానికీ మధ్యే ఉండాలి. ఊరి మొత్తం లెక్క బయటపెట్టొచ్చు, ఏ ఒక్కరి పేరూ బయటపెట్టకూడదు. దీనికి ఒక్క హద్దు మాత్రం ఉండాలి. తాగునీటి బావికో, మనిషి ప్రాణానికో ముప్పు తెచ్చే పని కళ్లారా చూస్తే ఆచార్యుడు యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. గడువులోగా ఆగకపోతే మండలికి తెలపాలి. ఈ షరతును తొలిరోజే యజమాని ముందు చదివి, ఒప్పుకుంటేనే లోపలికి వెళ్లాలి. ఈ భారం పందొమ్మిదేళ్ల పిల్లల మీద పెట్టకూడదు. అది జీతం తీసుకునే పెద్దల బాధ్యత.

యజమానులకు కూడా ఒక మాట. తిరుప్పూరు గుర్తుంది కదా. నొయ్యల్ నదిలోకి అద్దకం నీళ్లు ఏళ్లకేళ్లు వదిలారు. దిగువన ఒరత్తుపాళయం జలాశయం రైతుకు పనికిరాని నీటితో నిండింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం, బ్లీచింగ్ యూనిట్లన్నీ మూసేయమంది. మూతపడిన నాడు ముందుగా రోడ్డున పడింది కూలీలు. చిత్రావతి నదికీ, ధర్మవరానికీ ఆ రోజు రాకూడదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఇళ్లు, బళ్లారితో వాళ్ల వ్యాపారం ఎంత పెద్దదో తెలిసిందే. అక్కడ ఉతుకుడు యూనిట్లు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న వాళ్లకూ వస్తుంది. ఇప్పుడు ఉచితంగా కొలిచిపెడతామని వచ్చే పిల్లలను గేటు దగ్గర ఆపకండి. వాళ్లలో చాలామంది మీ ఊరి బిడ్డలే. మగ్గం చప్పుడు మధ్య చదువుకున్నవాళ్లు ఉంటారు, బండల ఫ్యాక్టరీ కూలి డబ్బుతో ఫీజు కట్టినవాళ్లు ఉంటారు.

స్థానిక పరిశ్రమకు చదువు తోడు నిలవడం అనంతపురానికి కొత్త కాదు. వేరుశనగ ఈ జిల్లా ప్రధాన పంటగా, నూనె మిల్లులు ఈ జిల్లా పరిశ్రమగా ఉన్న రోజుల్లోనే అనంతపురంలో నూనె సాంకేతిక పరిశోధనకంటూ ఒక సంస్థ వెలిసింది. ఇప్పుడది అనంతపురం జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయంలో, ఫార్మా చదువును కూడా కలుపుకుని నడుస్తోంది. గిండీలో 1946లో మొదలై 1948లో ఇక్కడికి తరలివచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ, 1981లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం అన్నీ ఒక్క జిల్లా కేంద్రం చుట్టూనే ఉన్నాయి. హిందూపురం పక్కన కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. పట్టు జిగురు నీళ్లతో ఏం చేయొచ్చో అడగడానికి అంతకంటే దగ్గరి గడప లేదు. ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి మన విద్యార్థుల కొలతలు అక్కర్లేదు, దానికి సొంత ఇంజినీర్లున్నారు. ఇంజినీరును పెట్టుకోలేని చోటికే మన పిల్లలు వెళ్లాలి.

చేయాల్సింది కొంచెమే. ప్రతి విభాగం ఒక ఆచార్యుడికి ఈ పని అప్పజెప్పి, ఆయన బోధన గంటల్లో దాన్ని లెక్కించాలి. లేకపోతే అది సేవగా మొదలై రెండో ఏడాదికే ఆగిపోతుంది. విద్యార్థికి బస్సు చార్జీ, తలకు హెల్మెట్, ముక్కుకు దుమ్ము మాస్కు, ప్రమాద బీమా కాలేజీయే ఇవ్వాలి. నివేదిక తెలుగులో ఉండాలి, కాగు దగ్గర నిలబడేవాళ్లు చదవగలగాలి. మార్కుల్లో సగం నివేదికకు ఇచ్చి, మిగతా సగం ఆరు నెలల తర్వాత ఫ్యాక్టరీలో ఏం మారిందో చూసి వేయమంటాను. విద్యార్థి అప్పటికి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడంటారు, నిజమే. అందుకే ప్రాజెక్టును చివరి సెమిస్టర్ దాకా ఆపకుండా మూడో ఏడాది వేసవిలోనే మొదలుపెట్టాలి. తాడిపత్రిలో పది ఫ్యాక్టరీలు, ధర్మవరంలో పది కాగులు మొదటి విడతకు చాలు. బండల ఫ్యాక్టరీ యజమానుల సంఘంతో మాట్లాడి ఆ పది పేర్లు తేవడం రిజిస్ట్రార్ పని. వేసవి సెలవులకు ముందే ఆ జాబితా నోటీసు బోర్డు మీదకు రావాలి.