చదువు వీసానా, పని వీసానా? తాడు ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి

వీసా అనే మాట మన వాడలకు కొత్తది కాదు. రాజంపేట, రాయచోటి, కోడూరు పల్లెల్లో అక్షరం ముక్క రాని అవ్వకు కూడా కువైట్ ఇరవై నంబరు వీసా అంటే ఇంటి పని, పద్దెనిమిది నంబరు అంటే కంపెనీ పని అని తెలుసు. ఏ వీసా మీద పోతే పాస్‌పోర్టు ఎవరి పెట్టెలో పడుతుందో, కఫీల్ అంటే ఎవరో మన ఆడోళ్లు అనుభవించి నేర్చుకున్నారు. కర్నూలు పడమటి పల్లెల్లో, కోసిగి, ఆలూరు, పత్తికొండ దిక్కున, వీసా లేని వలస ఉంది. దాన్ని సుగ్గి అంటాం. వానలు మోసం చేసిన ఏడు మిరపకాయలు తెంపను గుంటూరుకు, కట్టడం పనికి బెంగళూరుకు పోతాం. సుగ్గికి పోయేదాంట్లో రెండు రకాలు. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకొని పోయేది ఒకటి, మన బస్సుచార్జి మనం పెట్టుకొని పోయేది ఇంకొకటి. అడ్వాన్సు తీసుకున్నోడికి పని ఖాయం, కానీ కూలి ఎంతనేది మేస్త్రీ చెప్పిందే. సొంతంగా పోయినోడికి పని దొరుకుతుందో లేదో తెలియదు, కానీ నచ్చకపోతే లేచి రావచ్చు.

ఇంజనీర్ల వీసాల సంగతి కూడా ఇంతకంటే వేరేమీ కాదు. అదే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాం.

పోయిన నెల మా ఆదివారం కూటమికి ఒక తల్లి వచ్చింది. పదకొండేండ్లు కువైట్‌లో ఇంటి పని చేసి కొడుకును మెకానికల్ బీటెక్ చదివించింది. ఆ పిల్లోడు ఇప్పుడు ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. కన్సల్టెన్సీ ఆయన ముప్పై ఐదు లక్షలైతే అమెరికాకు స్టూడెంటు వీసా మీద పంపిస్తామన్నాడట. ఆమె దగ్గర ఉన్నదల్లా ఇల్లు, రెండెకరాల డి-పట్టా చేను. "సార్, స్టూడెంటు వీసా మేలా, పని వీసా మేలా? చదువుకున్నోళ్లు, మీరే చెప్పల్ల" అని అడిగింది. మేము బడిపంతుళ్లం. మా ఇండ్లల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్లం. ఆ పూట జవాబు చెప్పలేకపోయినాం. సిగ్గు అనిపించింది. తర్వాత కూర్చొని చదివినాం, పోయొచ్చిన పిల్లల్ని అడిగినాం. తెలుసుకున్నది ఆ తల్లికే కాదు, అందరికీ చెప్పాలని రాస్తున్నాం.

స్టూడెంటు వీసా అంటే మనం డబ్బు కట్టి కొనుక్కునే వీసా. చదువు మీద ఆశ ఉంటే మంచిదే. కానీ కన్సల్టెన్సీలు అమ్మేది చదువును కాదు, ఆ చదువు వెనక ఉందని చెప్పే ఉద్యోగాన్ని. పని వీసా అంటే ఆ దేశానికి మన పని అవసరమై ఇచ్చేది. అందులో మళ్లీ రెండు రకాలు. ఒకటి యజమాని పట్టుకొని ఉండే వీసా, రెండోది మనిషి పేరునే వచ్చే వీసా. ఈ తేడా తెలియకపోతే ఇరవై నంబరుకూ పద్దెనిమిది నంబరుకూ తేడా తెలియకుండా విమానమెక్కినట్టే.

ముందు అమెరికా చూద్దాం. అక్కడ ఎఫ్-1 మీద చదివినవాళ్లు చదువు అయినాక ఒక ఏడాది పని చేసుకోవచ్చు. ఇంజనీరింగు, సైన్సు వాళ్లకు ఇంకో 24 నెలలు పొడిగింపు 2016 నుంచి నడిచింది. ఆ మూడేండ్లలోపు హెచ్-1బి దక్కాల. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు ఇంకో 20,000. అడిగేవాళ్లు లక్షల్లో ఉంటారు కాబట్టి లాటరీ తీస్తారు. 2025 డిసెంబరులో ఆ లాటరీని కూడా మార్చి, ఎక్కువ జీతం రాసినోళ్ల చీటీకి ఎక్కువ బలం ఇస్తామన్నారు. కొత్తగా పనిలో చేరేవాడికి ఇది దెబ్బే.

ఇంకో పక్క, 2025 సెప్టెంబరు 21 నుంచి బయటి దేశాల నుంచి కొత్తగా తెచ్చుకునే ఒక్కో హెచ్-1బి ఉద్యోగికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడు ట్రంప్ ఏడాది గడువుతో ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడే స్టూడెంటు వీసా మీద ఉండి మారేవాళ్లకు ఇది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. ఈ ముక్క పట్టుకొని "ఇంక చదువు దారి ఒక్కటే మిగిలింది" అంటున్నారు కన్సల్టెన్సీవాళ్లు. ఆ మాటలో కొంత నిజం ఉంది, మేమూ ఒప్పుకుంటాం. ఇక్కడ కూర్చొని నేరుగా అమెరికా పని వీసా తెచ్చుకోవడం మామూలు ఇంజనీరుకు దాదాపు అయ్యేపని కాకుండా పోయింది. కానీ ఒక తలుపు మూసినంత మాత్రాన పక్క తలుపు మన కోసం తెరిచినట్టు కాదు. మూడేండ్ల తర్వాత చీటీ తగలకపోతే అప్పు ఎవరు కట్టాల? కన్సల్టెన్సీ ఆయన కట్టడు. ఆ తల్లి మళ్లీ కువైట్ విమానమెక్కాల్సి వస్తుంది.

చదువు పేరుతో జరిగిన మోసాలు కూడా మరిచిపోకూడదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అందులో ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ పిల్లలే. నేరస్తులకు కట్టినట్టు కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. దాన్ని నడిపిన ఆమెకు 2014లో 16 ఏండ్ల జైలుశిక్ష పడింది. సరే, బుద్ధి వచ్చిందా అంటే 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, అక్కడి ప్రభుత్వమే పెట్టిన వల. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. మొదట్లోనే 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు, ఎక్కువమంది తెలుగువాళ్లు. పిల్లలను అందులో చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిది మందీ తెలుగువాళ్లే. భాష ఒకటే అని నమ్మితే గొయ్యి తప్పదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కువైట్‌కు కూలీలను పంపే ఏజెంటు 1983 వలస చట్టం ప్రకారం రిజిస్టరు కావాల. కానీ విద్యార్థులను పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. పది పాసయినోడి పాస్‌పోర్టుకు ఆ తనిఖీ అక్కర్లేదు. చదువుకున్నోడు తన్ను తాను కాపాడుకుంటాడని సర్కారు లెక్క. మొదటి తరం చదువుకున్నోడికి ఇంట్లో చెప్పేవాళ్లెవరు? వాళ్ల నాయిన డాక్టరా, మేనమామ డల్లాస్‌లో ఉన్నాడా?

అమెరికా ఒక్కటే లోకం కాదు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన దేశం వాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. ఏడాది తిండి ఖర్చు కింద 11,904 యూరోలు బ్యాంకులో వేసి చూపించాలని 2024లో పెట్టారు. ఆ డబ్బు వాళ్లకు కట్టేది కాదు, నెలనెలా మనమే వాడుకునేది. చదువు అయినాక పని వెతుక్కోను 18 నెలలు ఇస్తారు. నేరుగా పనికి పోవాలంటే బ్లూ కార్డు ఉంది. గుర్తింపు ఉన్న డిగ్రీ, చేతిలో ఉద్యోగం, 2025 లెక్కన ఏడాదికి 48,300 యూరోల జీతం ఉండాల. కొరత ఉన్న వృత్తులకు, అందులో ఇంజనీర్లకు, దాదాపు 43,760 చాలు. భారతీయులకిచ్చే నైపుణ్య వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024లో ఆ దేశం ప్రకటించింది. అయితే జర్మను భాష రావాల. రెండేండ్లు పొద్దుపోయినాక కూర్చొని నేర్చుకునే ఓపిక మన పిల్లలకు లేదా? కిరోసిను బుడ్డి కింద ఇంగ్లీషు నేర్చుకున్న వాళ్ల బిడ్డలు వీళ్లు.

ఆస్ట్రేలియాలో యజమానితో పనిలేకుండా పాయింట్ల మీద వచ్చే వీసా ఉంది. వయసు 45 లోపు, పాయింట్లు కనీసం 65, ఇంగ్లీషు పరీక్ష, ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ నుంచి అర్హత పత్రం. పిలుపు రావాలంటే 65 కంటే చాలా ఎక్కువ తెచ్చుకోవాల్సి వస్తుంది. పని అనుభవానికి పాయింట్లున్నాయి. తాడు మన చేతిలోనే ఉండే వీసా ఇది.

కానీ ఇక్కడ మన డిగ్రీ విలువ బయటపడుతుంది. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యురాలైంది. అయితే ఎన్‌బీఏ మొదటి శ్రేణి గుర్తింపు ఉన్న కోర్సులకే ఆ ఒప్పందం వర్తిస్తుంది. అఫిలియేటెడ్ కాలేజీ కోర్సుకు ఎన్‌బీఏ ఉన్నా అది రెండో శ్రేణే. అట్లాంటివాళ్లు తాము చేసిన ఇంజనీరింగు పనుల గురించి మూడు పెద్ద నివేదికలు రాసి నిరూపించుకోవాల. 2018లో కువైట్ కూడా ఇదే పట్టు పట్టింది. ఎన్‌బీఏ గుర్తింపు లేని కాలేజీల్లో చదివిన వేలమంది భారతీయ ఇంజనీర్ల అకామాలో ఇంజనీరు అనే మాటకే ఎసరు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటు మింగి, రోడ్డుపక్క నాలుగు గదులు కట్టి మన పిల్లలకు డిగ్రీలు పంచిన కాలేజీల పాపం, పదేండ్ల తర్వాత ఎడారిలో పిల్లల నెత్తిన పడింది. ఊరికి ఒక బడి, వాడకు ఒక బడి అన్న పాత కథే ఇది, కాగితం మీద కొత్తగా రాశారు.

ఇంక అప్పు సంగతి. పెద్ద అప్పు కావాలంటే బ్యాంకువాళ్లు ఆస్తి తాకట్టు అడుగుతారు. మన ఆస్తి ఏమిటి? 1977 చట్టం ప్రకారం అమ్మకూడని అసైన్డు చేను. 2023లో చట్టం సవరించి ఇరవై ఏండ్లు దాటినవాళ్లకు హక్కు అన్నారు గానీ, మేనేజరు ఆ పాసుపుస్తకం చూసి ఇంకా ముఖం తిప్పుకుంటాడు. చివరికి మిగిలేది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. రెడ్డిగారి కొడుకు లాటరీలో ఓడితే ఇంటికొచ్చి చేనో, కాంట్రాక్టో చూసుకుంటాడు. మన పిల్లోడు ఓడితే ఇల్లు పోతుంది. ఒకే వీసా, ఒకే విమానం, కానీ పందెం ఒకటి కాదు.

మనకు హక్కుగా రావాల్సిన డబ్బు ఉంది. కేంద్రం ఎస్సీలకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు 1954-55 నుంచి ఉంది. ఇంత పెద్ద దేశానికి ఏడాదికి 125 మంది! 2025లో 106 మందిని ఎంపిక చేసి, డబ్బులు లేవని మొదట 40 మందికే పత్రాలిచ్చారు. గొడవ జరిగినాకే మిగతావాళ్లకు కదిలింది. రాష్ట్రంలో 2022లో విదేశీ విద్య పథకానికి అంబేద్కర్ పేరు తీసేశారు, ప్రపంచంలో 200 లోపు ర్యాంకు యూనివర్సిటీలకే అన్నారు. 2024లో ఆ పేరు మళ్లీ పెట్టారు. పేరు పెట్టడంతో సరిపోదు, సమయానికి డబ్బు పడాల.

కులం సంగతి చెప్పకుండా ముగించలేము. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద దావా వేసింది. దళిత ఇంజనీరు మీద పై కులాల మేనేజర్లు వివక్ష చూపారని ఆరోపణ. కంపెనీ కాదంది. 2023లో ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసు విరమించుకున్నారు. అదే ఏడాది సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా గవర్నరు మాత్రం అట్లాంటి బిల్లును వీటో చేశాడు. హెచ్-1బి మీద ఉన్నోడు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల, లేదంటే దేశం విడవాల. అట్లాంటోడు మేనేజరు కులం గురించి నోరు తెరవగలడా? అందుకే తాడు ఎవరి చేతిలో ఉందో చూడమంటున్నాం.

1913లో అంబేద్కర్ అమెరికా పోయింది బరోడా స్కాలర్‌షిప్పు మీద. తిరిగొచ్చి సంస్థానంలో పదేండ్లు పనిచేయాలన్న షరతు మీద పోయినాడు. 1917లో గడువు ముగిసి లండన్ చదువు మధ్యలో తిరిగి రావాల్సి వచ్చింది. 1920లో మళ్లీ పోయింది, కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, సాహు మహారాజు సాయంతో. చదువు కోసం పోయినాడు, చదువే చదివినాడు.

ఆ తల్లికి మేము చెప్పిన మాట ఇది. స్కాలర్‌షిప్పు వస్తే, లేదా ఫీజు లేని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే, స్టూడెంటు వీసా మీద నిర్భయంగా పంపు. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వద్దు. పిల్లోణ్ని ఇక్కడే ఇంకో రెండు మూడేండ్లు పని చేయనీ. అనుభవ పత్రాలు, జీతం స్లిప్పులు, పీఎఫ్ కాగితాలు భద్రంగా పెట్టుకోమను. భాష నేర్చుకోమను. డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో సొంతంగా చూసుకోమను. తర్వాత మనిషి పేరున వచ్చే పని వీసాకు ప్రయత్నం చేయమను. ఆమె కాసేపు ఆలోచించి "అయితే నా ఇల్లు నాకుంటాది" అనింది.

సర్కారును అడిగేవి కూడా ఉన్నాయి. కన్సల్టెన్సీలను చట్టం కిందికి తేవాల. విదేశీ స్కాలర్‌షిప్పుల సంఖ్య పెంచి, మొదటి ఫీజుకు ముందే డబ్బు వేయాల. రీయింబర్స్‌మెంటు తినే ప్రతి కాలేజీ ఎన్‌బీఏ గుర్తింపు తెచ్చుకోవాల. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఇంగ్లీషు, జర్మను నేర్పాల. సంఘం కార్యకర్తలు ఈ నాలుగూ రాసి, వచ్చే సోమవారం అర్జీలుగా కలెక్టర్లకు ఇవ్వాల.

పోయిన పిల్లలకు కూడా ఒక మాట. మీరు పోవడం తప్పు కాదు. కానీ మీ వెనక వచ్చే పిల్లోడికి ఒక ఫోను, ఒక నిజం చెప్పండి. డల్లాస్‌లో మేనమామ లేని పిల్లోడికి మీరే మేనమామ.

జై భీమ్!