ప్రోబు మీది అంకె

కరెంటు ప్రోబుపై 100 మెగాహెర్ట్జ్ అని ముద్రించియుండును. విద్యార్థులు ఆ అంకెనే రికార్డులో ఎక్కించి పూర్తి మార్కులు పొందుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. ఆ పౌనఃపున్యము వద్ద ప్రోబు అసలు ప్రవాహములో సుమారు 70.7 శాతమే చూపునని వారిలో ఎందరెరుగుదురు?

పరీక్షకు ఆసిలోస్కోపుతో పాటు సిగ్నల్ జనరేటరు, 50 ఓముల నిరోధము, పొట్టి తీగ చాలును. నిరోధమునకు పోవు తీగను ప్రోబు దవడల నడుమ నుంచి, నిరోధము మీది వోల్టేజిని రెండవ చానెల్‌లో చూడవలెను. 1 వోల్టు అనగా 20 మిల్లీ ఆంపియర్లు. జనరేటరు మీది అంకెను నమ్మరాదు. పౌనఃపున్యము పెరిగిన కొలది దాని ఉత్పాదము కూడ తగ్గవచ్చును. రెండు చానెళ్ల నిష్పత్తి ఆరంభపు విలువలో 0.707 వంతుకు దిగిన చోటే ప్రోబు అసలు బ్యాండ్‌విడ్త్.

కమిటీవారు మరియొక ప్రోబు కొనుటకు పూర్వము ఈ పరీక్షకు ఒక పీరియడు కేటాయింపవలెనని మా మనవి.