భరమారు తుపాకి

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో నాటు తుపాకి పట్టువడినదను వార్త పత్రికలలో తరచుగ కానవచ్చుచుండును. నాలుగు పంక్తులలో ముగియు వార్త అది. గ్రామము పేరు, నిందితుని పేరు, స్వాధీనపరచుకొన్న గొట్టముల సంఖ్య, అంతటితో సరి. ఆ గొట్టము ఏ కొలిమిలో కాగినది, ఏ చేతులు దానిని తీర్చినవి, ఎందులకు తీర్చినవి యని అడుగువారు అరుదు. నేడు మేమా ప్రశ్ననే చేపట్టుచున్నాము.

మన పల్లెలలో దీనిని భరమారు అందురు. హిందుస్తానీలో 'భర్' యనగా నింపుట, 'మార్' యనగా కొట్టుట. పేరులోనే దాని పనితీరంతయు గలదు. మూతివైపునుండి మందు పోసి, పైన పీచో గుడ్డపేలికో కుక్కి, రవ్వలు వేసి, గజముతో దట్టింపవలెను. వెనుక చిన్న చూచుకముపై టోపీ యుంచి మీట నొక్కినచో సుత్తి పడి టోపీ పేలును. ఆ నిప్పు లోనికి పోయి మందు నంటుకొనును. టోపీ రాకమునుపు రంజకము చల్లి రాతినిప్పుతో అంటించెడివారు. 1807లో ఫోర్సైతను స్కాట్లండు మతాచార్యుడు, చెరువుగట్టున రాతినిప్పు మెరుపు చూచి బాతులెగిరిపోవుచున్నవని విసిగి, దెబ్బతో పేలు మందునకు పేటెంటు పొందెనందురు. నేటికిని మన కమ్మరి పనిలో నిలిచియున్న యంత్రము ఆ వంశములోనిదే. గొట్టము, మీట కమ్మరివి, దిమ్మె వడ్రంగిది. కోనసముద్రపు ఉక్కును పారశీక వర్తకులు వెదకికొని వచ్చి కొనిపోయిన తెలంగాణములో ఈ నైపుణ్యము వింత కాదు.

ఈ తుపాకికి మన చరిత్రలో స్థానము గలదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన దినమున రైతుల చేతులలో నున్నవి కర్రలు, వడిసెలలు. తుపాకి గడీలోనిది. ఆ తరువాత గడీలనుండి లాగుకొనిన భరమారులు గ్రామదళములకు తొలి ఆయుధములైనవి. 1948 ఆగస్టు 27న రజాకార్లు బైరాన్‌పల్లిపై పడినప్పుడు బురుజుపైనుండి ఎదిరించిన గ్రామస్థులకును నాటు తుపాకులే దిక్కు. ఒక మారు కాల్చి మరల నింపుకొనులోపల ఎదుటివాడు అయిదు మారులు కాల్చగలడు. అట్టి ఆయుధముతో నిలిచినవారి ధైర్యమును కొలుచుటకు మావద్ద కొలబద్ద లేదు.

అయినను అట్టి తుపాకులలో ఎన్ని నేడు ప్రజలు చూచుటకు నిలిచియున్నవి? పట్టువడిన ఆయుధములను కొంతకాలమునకు నాశనము చేయుట వాడుక. ఇనుము ఇనుములో కలియును. దానితో కమ్మరి పనితనపు సాక్ష్యమును, రైతు చరిత్రలోని ఒక పుటయును కరగిపోవును.

ఇక శాసనము మాట. 1857లో సిపాయిలను రెచ్చగొట్టిన ఎన్‌ఫీల్డు తూటా మూతినుండి నింపు తుపాకిదే. ఆ భయము మానని పాలకులు 1878లో ఆయుధశాసనము చేసి, తెల్లవానిని మినహాయించి మనవారిని నిరాయుధులను జేసిరి. అందువలననే 1931 కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చినది. అయితే 1948 డిసెంబరులో కామత్ గారు రాజ్యాంగసభలో దానిని చేర్చగోరగా అంబేద్కరు గారు వ్యతిరేకించిరి; సభ త్రోసిపుచ్చినది. అప్పటి దేశస్థితిని తలచినచో ఆ నిర్ణయమును మేము తప్పు పట్టము. 1959 శాసనము వర్ణభేదమును తొలగించినది కాని, తుపాకి చేయుటకే గాక మరమ్మతు చేయుటకును, పరీక్షించుటకును అనుమతిపత్రము వలయునని 5వ సెక్షనులో విధించినది. 2019 సవరణతో అక్రమ తయారీకి శిక్ష ఏడేండ్లనుండి యావజ్జీవము వరకు పెరిగినది. పెరటిలో సానపట్టు యువకుడును, ముఠాలకు పిస్తోళ్లు చేసి యమ్మువాడును ఒకే సెక్షను క్రింద నిలువవలసినదే.

అట్టి యువకు డుండునా యని కొంద రడుగవచ్చును. పట్టణములలో చిన్న లేతుయంత్రము, సానరాయి, ఆకురాళ్లు పెట్టుకొని పాత గడియారములను, మోటారు సైకిళ్లను విప్పి బిగించు వినోదపరులు అనేకులు గలరు. పాత తుపాకి మీట వారి చేతులను లాగుట సహజము. అమెరికాలో 1933నాడే ఈ పాత తుపాకుల ప్రేమికులు జాతీయ సంఘము పెట్టుకొనిరి. ఇండ్లలో గొట్టములు తీర్చి పందెములు కాల్చుచున్నారు. 1968లో అచ్చటి సంయుక్త శాసనము ఇట్టివానిని ప్రాచీనాయుధములుగ నెంచి చాల నిర్బంధములనుండి తప్పించినది. ఆ స్వేచ్ఛను మన దేశమునకు యథాతథముగ దిగుమతి చేయుడని మేము చెప్పము. తుపాకులు వెల్లువైన ఆ దేశపు దుఃఖము లోకమెరిగినదే.

మన దుఃఖము వేరు. ఇచ్చట పని చాటుగ జరుగుటచేత నీటిగొట్టమే తుపాకిగొట్టమగుచున్నది. అతుకుబెట్టిన గొట్టము మందు వత్తిడికి చీలును. వెనుక బిరడా ఊడి కాల్చువాని కంటినే కొట్టును. లండనులో తుపాకిపనివారి సంఘమునకు 1637లోనే గొట్టములను పరీక్షించి ముద్ర వేయు అధికారము దక్కినది. బర్మింగుహామునకు 1813లో పరీక్షాగృహము వచ్చినది. ఎక్కువ మందు పెట్టి దూరమునుండి పేల్చి, నిలిచినదానికే ముద్ర. మన కొలిమిలో ఆ పరీక్ష కాల్చువాని భుజముమీదనే జరుగుచున్నది! అడవిపందులు చేను త్రవ్వి పోవుచుండగా కంటికి నిద్రలేని రైతు, ఏది దొరకిన దానితోనే కాచుకొనును. ఆ గొట్టమే అమరాబాదు అడవులలో దొంగవేటగానికిని సాధనమగుట గూడ మేము మరువలేదు.

కావున తలుపును బార్లా తెరువుమని మేము కోరము. కిటికీ యొకటి చాలును. అనుమతిపత్ర మిచ్చుటకు 5వ సెక్షనే అవకాశమిచ్చుచున్నది గదా. ప్రతి జిల్లాలో లక్షలు గుమ్మరింప నక్కరలేదు. నల్లగొండలో నొకటి, మహబూబునగరులో నొకటి, పోలీసు పర్యవేక్షణలో కమ్మరి, వడ్రంగుల సహకార కార్ఖానాలకు అనుమతి యిచ్చి, పరీక్షాముద్ర వేయించినచో, వినోదపరుడు తన ఆకురాయిని అచ్చటికే తీసికొనిపోవును, పెరటిలో దాగడు. ఊరూరను పట్టువడిన పాత భరమారులలో పనితనము గలవానిని కరగింపక, పేలకుండ చేసి, నల్లగొండలో నొక శాలయందు నిలుపవలెను. మరమ్మతు చేసినను పేలని ప్రాచీనాయుధములను శాసనపు 45వ సెక్షను ఇదివరకే మినహాయించినది. కొడగువారికి వంశపారంపర్యముగ అనుమతిపత్రము లేకయే తుపాకి నుంచుకొను మినహాయింపు నేటికిని గలదు. మన కమ్మరి చేతిని గుర్తించుట అంతకంటె పెద్ద కోరిక కాదు.

అంతవరకు మా పాఠకులలో ఎవరి యింటి దూలమునకైనను తాతగారి భరమారు వ్రేలాడుచుండినచో, పండుగనాడు దించి నూనె రాచి పిల్లలకు చూపువారుండినచో, ఒక మాట. వేటనుండి వచ్చి దించకయే వ్రేలాడదీసిన పాత మందు ఏండ్ల తరబడి లోపల నిలిచియుండవచ్చును. అది చచ్చినదని తలపరాదు. గజము పెట్టి పొడువకుడు, నిప్పుదగ్గరకు తేకుడు, మీట బిగింపకుడు. అనుమతి గల తుపాకిపనివానిచేత దింపించి, కాగితము లేనిచో పోలీసు ఠాణాలో తెలిపి, చట్టప్రకారము వ్రాయించుకొనుడు.